దూరం ఒకటే, ప్రయాణ సమయాలు రెండెందుకు?

ప్రశ్న: మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచిన దూరానికీ, విమాన దూరమని చెప్పే అంకెకీ పొంతన కుదరడం లేదు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం సొంతంగా లెక్కగట్టడం ఎలా?

జవాబు: గోళాన్ని చదును చేసి గీసిందే మ్యాపు. మామూలుగా వాడే ప్రపంచ పటాల్లో ధ్రువాల వైపు పోయేకొద్దీ దూరాలు సాగిపోతాయి, కాబట్టి స్కేలును నమ్మవద్దు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అదే అతి దగ్గరి దారి. విమాన దూరమంటే అదే.

లెక్కకు రెండు చోట్ల అక్షాంశ, రేఖాంశాలుంటే చాలు. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. తర్వాత వాటి కొసైన్‌లను, రేఖాంశాల తేడాకు కొసైన్‌ను, మూడింటినీ గుణించండి. రెండు లబ్ధాలనూ కూడి విలోమ కొసైన్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹) తీస్తే కోణం వస్తుంది. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు.

న్యూయార్క్ కెన్నెడీ (ఉత్తరం 40.64, పడమర 73.78), లండన్ హీత్రో (ఉత్తరం 51.47, పడమర 0.45) తీసుకుందాం. లబ్ధాలు 0.5095, 0.1356. మొత్తం 0.6451. కోణం 49.83 డిగ్రీలు, అంటే 2,990 నాటికల్ మైళ్లు, 5,537 కిలోమీటర్లు. భూమి కచ్చితమైన గోళం కాదు కనుక అసలు దూరం మరో పదిహేను కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది.

ఎక్కువగా తప్పు జరిగేది కాలిక్యులేటర్‌ను డిగ్రీల్లో కాక రేడియన్లలో (కోణాలకు మరో కొలత) వదిలేయడం వల్ల. 40 డిగ్రీల 38 నిమిషాలను 40.38గా వేసేవారూ ఉన్నారు. నిమిషాలను 60తో భాగించి 40.63 అని వేయాలి. దక్షిణ అక్షాంశానికి మైనస్ గుర్తు మరవద్దు. ఒకటి తూర్పు, ఒకటి పడమర అయితే రేఖాంశాలను కూడాలి.

ప్రశ్న: దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చేదానికన్నా టికెట్‌లో సమయం ఎక్కువుంటుంది. పైగా వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి. భూమి తిరగడం వల్లనా?

జవాబు: కాదు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. తేడా తెచ్చేది పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్. పెద్ద జెట్ విమానం గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. వెనక నుంచి 100 కిలోమీటర్ల గాలి తోడైతే పై దూరానికి 5 గంటల 32 నిమిషాలు, అదే గాలి ఎదురైతే 6 గంటల 55 నిమిషాలు. చలికాలంలో గాలి ఇంకా బలంగా ఉంటుంది.

దీనికి ముప్పావు గంట కలపండి. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ వేగం ఉండదు. పైగా టికెట్ సమయం గేటు నుంచి గేటుకు లెక్క. విమానం రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, వరుసలో ఆగడం అందులోవే. రద్దీ విమానాశ్రయాలైతే సంస్థలు ఇంకొంత జోడిస్తాయి. చిన్న ప్రయాణాల్లో ఈ ముప్పావు గంటే సగం సమయాన్ని తినేస్తుంది, అందుకే అక్కడ దూరాన్ని బట్టి అంచనా కట్టడం దండగ.

ప్రశ్న: రాత్రి 7కు న్యూయార్క్‌లో బయల్దేరి ఉదయం 7కు లండన్ చేరితే పన్నెండు గంటలా?

జవాబు: ఏడే. టికెట్ మీద రెండూ స్థానిక సమయాలు; లండన్ 5 గంటలు ముందుంటుంది. మార్చిలో రెండు, మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం మాత్రం తేడా 4 గంటలే, ఎందుకంటే రెండు దేశాలూ గడియారాలు మార్చే తేదీలు వేరు.