మందులు వేసుకుంటూనే పనిలోకి

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు, బీకాం చదివాడు. మూడేళ్లుగా స్కిజోఫ్రెనియాకి మందులు వాడుతున్నాం. ఏడాదిగా చెవిలో మాటలు వినపడటం లేదంటున్నాడు. కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ కోర్సులో చేర్పిస్తే రెండు వారాలకే మానేశాడు. పూర్తిగా నయమయ్యాకే పని సంగతి చూడమంటున్నారు చుట్టాలు. ఎన్నాళ్లు ఆగాలి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఆగక్కర్లేదమ్మా. పని చెయ్యాలని అతనికి ఉంటే ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, ఆ తర్వాతే ఉద్యోగం చూడటం పాత పద్ధతి. 1990ల్లో అమెరికాలో రూపుదిద్దుకున్న ‘ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్’ దాన్ని తిరగేసింది. మనిషికి నచ్చిన పని త్వరగా వెతికిపెట్టి, చేరాక వెన్నంటి ఉండి నేర్పిస్తారు. ఇలా వెళ్లినవాళ్లే ఎక్కువమంది ఉద్యోగాల్లో కుదురుకున్నారు.

కోర్సు మానేసింది బద్ధకంతో అనుకోకండి. క్లాసు పొద్దున్నేనా? రాత్రి ఆలస్యంగా వేసుకున్న మాత్ర మత్తు మర్నాడు తొమ్మిదింటికి కూడా దిగకపోవచ్చు. మాత్ర ఇంకాస్త పెందలాడే వేసుకోవచ్చేమో డాక్టరుని అడగండి, మీ అంతట మీరు మాత్రం తగ్గించొద్దు. ఇంకో సంగతి: మాటలు వినపడటం ఆగినా ధ్యాస నిలవకపోవడం, ఇప్పుడే విన్నది జారిపోవడం ఈ జబ్బులో చాలామందికి మిగిలే ఉంటాయి. గంటసేపు పాఠం వినమంటే కష్టమే. ట్యాలీలో ఏ మీట దేనికో, ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రసీదు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు అని అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి కీబోర్డు పక్కన పెట్టండి. మొదటి వారమంతా అమ్మకం బిల్లులే, రోజుకి పది. తప్పుల్లేకుండా ఎక్కించాకే కొనుగోళ్లకి వెళ్లాలి.

ఈలోగా పట్నంబజారులో హోల్‌సేల్ కొట్టో, బ్రాడీపేటలో ఆడిటరు ఆఫీసో తెలిసినవాళ్ల ద్వారా చూడండి. గిరాకీ గోల లేని లోపలి బల్ల దగ్గర, రోజుకి రెండు గంటలు, వారానికి నాలుగు రోజులు చాలు. మూడు వారాలు నిలదొక్కుకుంటే ఇంకో గంట. జీతం కొంచెమైనా సరే, తన చేతికే ఇవ్వాలి. ఉచితంగా చేయించుకునే చోట వద్దే వద్దు.

వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీకి స్వావలంబన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో దరఖాస్తు చెయ్యండి. ‘ఐడియాస్’ అనే కొలమానంతో వైకల్యం లెక్కేస్తారు: తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పగలగడం, పని చెయ్యడం, వీటికి తోడు జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నది. చాలామంది తల్లులు పరువు కోసం అక్కడ ‘అన్నీ బాగానే చేసుకుంటాడండీ’ అనేస్తారు, దాంతో శాతం పడిపోతుంది. ఎన్నిసార్లు చెబితే స్నానానికి లేస్తున్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి. 40 శాతం, ఆపైన వస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వోద్యోగాల రిజర్వేషన్‌కి అర్హత ఉంటుంది. ఆటిజం, మేధోవైకల్యం వంటివాటితో కలిపి ఆ వాటా 1 శాతం. ప్రైవేటు కొలువులో ఆ కార్డు చూపించాలా వద్దా అన్నది అబ్బాయి ఇష్టం.

ప్రశ్న: ఆటోనగర్‌లో మాది బండ్లకి బాడీలు కట్టే షెడ్డు. బైపోలార్ జబ్బుతో (కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు దిగులు) ఆసుపత్రిలో ఉండొచ్చిన మా వెల్డరు మళ్లీ పనికొస్తానంటున్నాడు. దానికి లిథియం అనే మందు వాడుతున్నాడట. ఏం జాగ్రత్త పడాలి?
– షెడ్డు యజమాని, విజయవాడ

జవాబు: తప్పకుండా రానివ్వండి. నైట్ డ్యూటీ మాత్రం వెయ్యొద్దు. నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టేది అక్కడే. ఎండాకాలం రేకుల కింద చెమటతో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. నీళ్ల బిందె అతని పక్కనే ఉంచి, మధ్యమధ్య తాగమనండి. ఒళ్లు నొప్పులకి షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి, డాక్టరుని అడక్కుండా వేసుకోకూడదు. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడకలో తూలడం, మాట తడబడటం కనిపిస్తే తాగొచ్చాడని తిట్టకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లిథియం రక్తపరీక్షకి చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి కాబట్టి ఆ రోజు ఆలస్యంగా వచ్చినా జీతం కోయకండి. జబ్బు సంగతి తోటివాళ్లకి చెప్పాలో వద్దో అతన్నే అడగండి.