మాస్టారి జవాబులు: ఆశ్రయం కోరి వచ్చిన సైనికులు

ప్రశ్న: మాస్టారూ, యుద్ధంలో ఓడి, తటస్థ దేశంలోకి పారిపోయిన సైనికులను ఆ దేశం ఏం చేయాలి? గెలిచినవాళ్లు అడిగితే ఇచ్చేయాల్సిందేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇచ్చేయాలని, యుద్ధ సమయంలో తటస్థ దేశాలు ఎలా నడుచుకోవాలో చెప్పే 1907 హేగ్ ఒప్పందంలో లేదమ్మా. యుద్ధరంగానికి వీలైనంత దూరంగా శిబిరంలో ఉంచాలి, తిండీ బట్టా చూడాలి, శాంతి కుదిరాక ఆ ఖర్చు రాబట్టుకోవాలి. అంతవరకే ఉంది. మరి వాళ్ల దేశమే మ్యాపులో లేకుండా పోతే? 1945లో స్వీడన్‌కు వచ్చిన చిక్కు అదే.

ఆ మే నెలలో జర్మనీ లొంగిపోతుండగా, దాని సైనికులు కొందరు పడవల్లో బాల్టిక్ సముద్రం దాటి స్వీడన్ చేరారు. వాళ్లలో నూట అరవై మందికి పైగా లాత్వియా, లిథువేనియా, ఎస్తోనియా వాళ్లు. చాలామందిని జర్మన్లు బలవంతంగా చేర్చుకున్నారు. ఆ మూడు దేశాలను సోవియట్ యూనియన్ 1940లోనే కలిపేసుకుంది. స్వీడన్ ఆ విలీనాన్ని గుర్తించింది. అసలు తప్పు అక్కడే జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను. ఒకసారి అలా ఒప్పుకున్నాక, 'వాళ్లు మా పౌరులు' అని మాస్కో అంటే ఏమని కాదంటారు?

జూన్ 2న ఆ సైనికులను అప్పగించమని సోవియట్ లేఖ వచ్చింది, 16న స్వీడన్ సరేనంది. రెండే రెండు వారాలు! జనానికి మాత్రం నవంబర్‌లో గానీ తెలియలేదు. శిబిరాల్లో నిరాహార దీక్షలు మొదలయ్యాయి, చర్చి పెద్దలు వద్దని మొరపెట్టుకున్నారు. అప్పటికి ప్రభుత్వం మారింది. కొత్త విదేశాంగ మంత్రి ఊస్టెన్ ఉండెన్ మాత్రం పాత మాటకే కట్టుబడ్డాడు. అదే సమయంలో బాల్టిక్ నుంచి వచ్చిన సుమారు 30 వేల మంది మామూలు శరణార్థులను స్వీడన్ పంపలేదు. ఒంటి మీద యూనిఫాం ఉన్నవాళ్లకే ఆ గతి పట్టింది.

స్వీడన్‌లోని మాల్మోలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, పట్టుబట్టి ట్రెల్లెబోర్గ్ రేవు చూసొచ్చాను. 1946 జనవరి 25న 146 మందిని సోవియట్ ఓడ 'బెలోఒస్త్రోవ్' ఎక్కించింది అక్కడే. ఓడ ఎక్కలేక ఒక లాత్వియన్ ఆ రేవులోనే ప్రాణం తీసుకున్నాడు. అక్కడ నిలబడ్డ కాసేపూ నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు ఆ ఒడ్డున జర్మనీ వెళ్లే ఫెర్రీలు ఆగుతాయి, పిల్లలతో కార్లు బారులు తీరి ఉంటాయి.

ఓడ లాత్వియాలోని లియెపాయాకు వెళ్లింది. కొందరికి శిక్షా శిబిరాలు తప్పలేదు. బతికి ఉన్నవాళ్లను 1994లో స్వీడన్ పిలిపించింది. రాజు వాళ్లను కలిశాడు, విదేశాంగ మంత్రి మార్గరెటా అఫ్ ఉగ్లాస్ విచారం తెలిపింది. అప్పటికి వాళ్లంతా ముసలివాళ్లు.