టెక్ సందేహాలు: అద్దె వ్యాన్‌లో వదిలి వస్తున్న ఇంటి గుట్టు

ప్రశ్న: క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడుకుని, వండుకునే వీలున్న బండి) అద్దెకు తీసుకుని, కాలిఫోర్నియా హైవే 1 మీదుగా కార్మెల్ నుంచి కేంబ్రియా దాకా సముద్రం పక్కనే వెళ్ళి, అక్కడి నుంచి 46వ నంబరు రోడ్డులో పాసో రోబుల్స్ ద్రాక్షతోటలకు చేరుకోవాలనుకుంటున్నాం. దారిలో వచ్చే బిగ్ సర్ కొండతీరంలో సిగ్నల్ ఉండదంటున్నారు. విడిగా జీపీఎస్ పరికరం కొనాలా? (సన్నీవేల్ పాఠకుడు)

జవాబు: అవసరం లేదు. ఫోన్ తానెక్కడుందో ఉపగ్రహాల సంకేతాలను బట్టి లెక్కగడుతుంది. దానికి సెల్ టవర్‌తో పని లేదు. సిగ్నల్ పోయినప్పుడు ఆగిపోయేది మ్యాప్ డౌన్‌లోడ్. కాబట్టి మాంటెరే, శాన్ లూయిస్ ఒబిస్పో కౌంటీల మ్యాపులను ఇంట్లోనే దించుకుని, క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే చాలు.

అయితే దించుకున్న మ్యాపుకు ఆ రోజు రోడ్డు తెరిచి ఉందో లేదో తెలియదు. బిగ్ సర్ కొండచరియలు మాటిమాటికీ విరిగిపడే చోటు: 2017 మే నెలలో మడ్ క్రీక్ దగ్గర కూలిన కొండ కింద పూడుకుపోయిన రోడ్డు మళ్ళీ తెరుచుకునేసరికి 2018 జులై వచ్చింది. అందువల్ల సిగ్నల్ ఉన్న ఊళ్ళోనే, బయలుదేరే ముందు, రాష్ట్ర రవాణా శాఖ క్యాల్‌ట్రాన్స్ వారి క్విక్‌మ్యాప్ చూసుకోండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. మన ఫోన్‌లోని సాధారణ మ్యాపులు క్యాంపర్‌వ్యాన్‌ను కూడా చిన్న కారుగానే భావించి దారి చెబుతాయి. ఫైఫర్ బీచ్‌కు దిగే సికమోర్ క్యాన్యన్ రోడ్డు బాగా ఇరుకు. ఆర్‌వీలనూ (క్యాంపర్‌వ్యాన్ వంటి బస బండ్లనూ) ట్రెయిలర్లనూ అక్కడికి రానివ్వరు. హైవే మూతపడినప్పుడు కొండ దాటిస్తానని మ్యాపు ఆశపెట్టే నాసిమియెంటో-ఫెర్గూసన్ రోడ్డు కూడా ఇరుకైన మలుపులతో నిండినదే, పెద్ద బండ్లకు తగినది కాదు. బండి పొడవెంత, ఎత్తెంత అన్న రెండే రెండు ప్రశ్నలు అడగడానికి బద్ధకించే యాప్, అలాంటి కొండదారిలో కుటుంబాన్ని నడిపించే బాధ్యతను నెత్తిన వేసుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. బండి కొలతలు అడిగే ఆర్‌వీ యాప్ ఒకటి పెట్టుకోండి. దాని మాట కంటే రోడ్డు పక్క బోర్డు మాటకే విలువ ఇవ్వండి.

ప్రశ్న: మేము ఇలాంటి యాత్రే ముగించుకుని వ్యాన్ తిరిగి ఇచ్చేశాం. తీసుకున్న రోజు దాని తెర మీద ఎవరెవరివో ఫోన్ల పేర్లు కనిపించాయి. మావి కూడా అలాగే ఉండిపోయి ఉంటాయా? (ఫ్రీమాంట్ పాఠకురాలు)

జవాబు: మీరు చెరిపేయకపోతే, వ్యాన్ ఇచ్చినవారూ చెరిపేయకపోతే, ఉండిపోయే ఉంటాయి. ఈ ఫిర్యాదు నాకు కొత్తది కాదు. క్యాంప్‌గ్రౌండ్ వైఫై గురించి భయపడుతూ రాసేవారు దీని గురించి మాత్రం యాత్ర అయ్యాక గాని ఆలోచించరు. ఇప్పుడు చాలా వెబ్‌సైట్లు సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతున్నాయి కనుక ఆ వైఫై కంటే బండి తెరే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

పాటల కోసం బ్లూటూత్ కలిపినప్పుడు, కాంటాక్టులూ కాల్ వివరాలూ ఇవ్వమంటారా అని ఫోన్ అడుగుతుంది. తొందరలో అందరం సరే అని నొక్కేస్తాం. ఆ క్షణంలో మన పరిచయస్తుల జాబితా నకలు చాలా బండ్లలో వాటి సొంత మెమరీకి చేరుతుంది. తరువాత ఫోన్‌లో వ్యాన్ పేరు తీసేసినంత మాత్రాన వ్యాన్‌లో ఉన్న నకలు పోతుందన్న భరోసా లేదు. బండి నావిగేషన్‌లో ‘హోమ్’ అని ఇంటి చిరునామా కూడా పెట్టి ఉంటే, తరువాత అద్దెకు తీసుకునే మనిషికి మీ ఇల్లు ఎక్కడో, మీ అమ్మగారి నంబరు ఏమిటో ఒకే తెర మీద దొరుకుతాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అద్దె కార్ల విషయంలో ఈ హెచ్చరికను 2016లోనే చేసింది. క్యాంపర్‌వ్యాన్‌లో ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది బండి మాత్రమే కాదు, కొన్నాళ్ళ కాపురం కూడా: అందులోని టీవీలో సినిమాల ఖాతా తెరిచి ఉంటుంది, కొన్నింటిలో హీటరూ లైట్లూ ఫోన్ యాప్‌తో నడుస్తాయి. పాత అద్దెదారుడి ఫోన్‌ను ఆ యాప్‌లో అనుమతి ఉన్న ఫోన్ల జాబితాలోంచి తొలగించకపోతే, మీరు పిల్లలతో నిద్రపోతున్న వ్యాన్‌కు అపరిచితుడి ఫోన్ ఇంకా అనుమతి ఉన్న సాధనమే.

వ్యాన్ తిరిగి ఇచ్చేటప్పుడు సీటు కింద పడిన చెవిపోగు కోసం అరగంట వెతికేవారు, తెర మీద రెండు నిమిషాలు గడపకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది. తయారీదారుల మీద అంతకంటే ఎక్కువ కోపం. చెరిపేసే మీటను నాలుగైదు మెనూల లోపల దాచి, కొన్నిచోట్ల యజమాని పిన్ లేనిదే పనిచేయకుండా చేస్తే, అద్దెకు తీసుకున్నవారు ఏం చేయగలరు? చేతులు మారే బండికి ‘అద్దెదారుడి వివరాలన్నీ తొలగించు’ అనే మీట మొదటి తెర మీదే ఉండాలి, వ్యాన్ అప్పగించే ప్రతిసారీ దాన్ని నొక్కడం అద్దె సంస్థ విధి కావాలి.

మీరు ఇప్పుడు చేయవలసినవి: సినిమాల ఖాతా సెట్టింగుల్లోకి వెళ్ళి అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ మార్చండి. మీ ఇంటి గరాజ్ తలుపు తెరిచే కోడ్‌ను వ్యాన్‌లో భద్రపరచి ఉంటే దాన్నీ మార్చండి. మీ ఫోన్ పేరు, కాంటాక్టులు, చిరునామా తొలగించమని అద్దె సంస్థకు ఈమెయిల్ రాసి, తొలగించామన్న జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మళ్ళీ వ్యాన్ తీసుకుంటే, వివరాలు అటునుంచి కూడా చేరవచ్చు కనుక ఫోన్‌ను దాని యూఎస్‌బీకి తగిలించకుండా, మీ సొంత ఛార్జర్‌ను 12 వోల్టుల సాకెట్‌లో పెట్టుకోండి. బ్లూటూత్ కలిపేటప్పుడు కాంటాక్టులకు అనుమతి నిరాకరించండి, పాటలు వినడానికి దానితో అవసరమే లేదు. తెర మీద పాత ఫోన్ల పేర్లు కనిపిస్తే, తాళాలు తీసుకునే ముందే, కౌంటర్‌లోని వారిచేత మీ ఎదుటే తీయించండి.