టెక్ సందేహాలు: నడిపించే ఆటకి మన దారంతా ఎందుకు చెప్పాలి?

“మా బాబుకి పదేళ్లు. ఫోన్ పట్టుకుని బయట తిరుగుతూ ఆడే గేమ్ కావాలని గొడవ చేస్తే, ఇంట్లో సోఫాలో కూర్చుని ఆడేదానికంటే నయమే కదా అని ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడది లొకేషన్ ‘ఎల్లప్పుడూ’ ఇవ్వమంటోంది. ఇవ్వొచ్చా? అసలు ఈ ఆటలు పిల్లలకి గానీ మాకు గానీ పనికొస్తాయా?” అని ఒక తల్లి రాశారు.

ఇవ్వకండమ్మా. ఆట మాత్రం ఆడనివ్వండి.

జవాబు అక్కడితో ఆపేయొచ్చు. కానీ ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని వారం వారం నా దగ్గరికి వస్తూనే ఉంది. తల్లులు, మనవళ్లతో బయటికెళ్లే తాతలు, నడవకపోతే కుదరదని డాక్టర్ హెచ్చరించిన ఉద్యోగులు, అందరూ ఇదే అడుగుతున్నారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే.

ముందు పెద్దవాళ్ల సంగతి. 2016 జులైలో పోకెమాన్ గో, అంటే ఊరంతా తిరుగుతూ ఫోన్‌లో బొమ్మ జీవుల్ని పట్టుకునే ఆట, వచ్చినప్పుడు జనం గుంపులుగా రోడ్ల మీదికి వచ్చారు. అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 18 నుంచి 35 ఏళ్ల మధ్య వాళ్లు ఆ ఆట మొదలుపెట్టిన మొదటి వారంలో రోజుకి సగటున 955 అడుగులు ఎక్కువ నడిచారు. ఆ తర్వాత లెక్క మెల్లగా తగ్గుతూ, ఆరో వారానికల్లా పాత చోటికే వచ్చేసింది. ఆట ఎవరినైనా గుమ్మం దాటిస్తుంది. అలవాటు చేయించే పని మాత్రం దాని వల్ల కాదు. నాకు రాసేవాళ్లలో ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లని గమనించాను. వాళ్లలో ఒక్కరే వెళ్లి ఆడేవాళ్లు తక్కువ. భార్యతోనో, కూతురితోనో, పక్కింటి స్నేహితుడితోనో కలిసి వెళ్తారు. ఆట మీద మోజు తగ్గాక కూడా తోడు ఉంది కాబట్టి నడక ఆగలేదు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆట పుణ్యమా అని అందులో సగం జరిగినా నాకు సంతోషమే.

అయితే బయట ఆడే ఆటలన్నీ ఒక్కటి కావు. నడుస్తున్నంతసేపూ తెర వైపే చూడమనే ఆటలు కొన్ని. దారి చూపించి తర్వాత ఫోన్‌ని జేబులో పెట్టుకోనిచ్చేవి కొన్ని. నా ఓటు రెండో రకానికే. ఎవరో దాచిన డబ్బాని జీపీఎస్ సాయంతో వెతికే జియోకాషింగ్ ఆ కోవలోది. మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరులకి ఇచ్చే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే గజిబిజి చేసి ఉంచేది. 2000 మే మొదట్లో ఆ అడ్డు తీసేసింది. ఒకటి రెండు రోజుల్లోనే, మే 3న, ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్ దాచి, అది ఉన్న చోటుని అంకెల్లో ప్రకటించాడు. వెతికి పట్టుకున్నవాళ్లు లోపలి పుస్తకంలో వివరం రాయాలి, ఒక వస్తువు తీసుకుంటే ఇంకొకటి పెట్టాలి. ఆట అంతే. ఇప్పుడు అలాంటి డబ్బాలు ప్రపంచమంతటా లక్షల్లో ఉన్నాయి.

మా మేనకోడలికి ఎనిమిదేళ్లు. తనని తీసుకుని ఒకసారి అలాంటి డబ్బా కోసం బయల్దేరాను. ఒక పార్కులో బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లో ‘4 మీటర్లు’ అని పడింది. అక్కడి నుంచి బాణం గుర్తు గిరగిరా తిరగడం మొదలైంది. ఒకసారి ఎడమకి, ఇంకోసారి వెనక్కి. ఆకాశం పూర్తిగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్ అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది, కాబట్టి అంతకంటే దగ్గరగా అది చెప్పలేదు. ఫోన్ జేబులో పెట్టేశాను. పాప మోకాళ్ల మీద కూర్చుని బెంచీ అడుగున వేళ్లతో తడుముతూ పోయి ఒక్కసారిగా ఆగింది. అయస్కాంతంతో అతుక్కున్న బొటనవేలంత డబ్బీ. మూత తీస్తే చుట్టిన కాగితం, కాస్త చెమ్మ పట్టి ఉంది. దాన్ని చింపకుండా విప్పడానికే తనకి రెండు నిమిషాలు పట్టింది. పెన్ అడిగింది, తేదీ ఎంతో అడిగింది, పేరు రాసింది. చివరి పది అడుగులూ ఫోన్ అవసరం లేకుండానే ఆడింది. పిల్లలకి ఏ ఆట పెట్టాలని ఎవరు అడిగినా నాకు ఆ బెంచీయే గుర్తొస్తుంది.

ఇక నాకు టెన్షన్ పెట్టే విషయానికి వస్తాను.

‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని లొకేషన్ ఇస్తే, ఆట తెర మీద ఉన్నంతసేపే బాబు ఎక్కడున్నాడో దానికి తెలుస్తుంది. ‘ఎల్లప్పుడూ’ ఇస్తే ఫోన్ బ్యాగులో ఉన్నా, బాబు నిద్రపోతున్నా తెలుస్తూనే ఉంటుంది. రాత్రంతా ఫోన్ కదలకుండా ఉండే చోటు ఇల్లు. వారంలో అయిదు రోజులు పగలంతా ఉండే చోటు స్కూలు. ఈ రెండూ కనిపెట్టడానికి పేరు, అడ్రసు ఎవరూ అడగక్కర్లేదు, వారం రోజుల డేటా ఉంటే చాలు. పేర్లు తీసేసిన సమాచారమే కదా అని ధీమాగా ఉండేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. స్ట్రావా అనే ఫిట్‌నెస్ యాప్ తన వినియోగదారులు పరుగెత్తిన దారులన్నీ కలిపి, ఎవరి పేరూ లేకుండా, ప్రపంచ పటం మీద వెలుగు గీతలుగా 2017 చివర్లో విడుదల చేసింది. 2018 జనవరిలో ఒక విద్యార్థి ఆ పటంలో ఎడారుల మధ్య వెలుగుతున్న గీతల్ని గమనించాడు. అవి సైనిక స్థావరాల్లో జవాన్లు జాగింగ్ చేసిన దారులు. సైన్యం దాచిపెట్టుకున్న చోట్లే అలా బయటపడ్డప్పుడు, పదేళ్ల పిల్లాడు రోజూ వెళ్లే దారి దాగుతుందా?

ఆట కంపెనీ ఒక్కదాని వల్లే ప్రమాదం అనుకుంటే పొరపాటు. పోకెమాన్ గో లాంటి ఆటలో ‘ఫ్రెండ్స్’ ఉంటారు. వాళ్లకి రోజూ గిఫ్టులు పంపొచ్చు. పిల్లలకి ఇది భలే ఇష్టం, పంపితే పాయింట్లు వస్తాయి. ఆ గిఫ్టు తెరిస్తే ఏం కనిపిస్తుందో ఒకసారి మీరే చూడండి. అది ఎక్కడ దొరికిందో ఆ చోటు పేరు, ఫొటో ఉంటాయి. మీ బాబు ముక్కూ మొహం తెలియని ఫ్రెండ్‌కి నెల రోజులు గిఫ్టులు పంపాడనుకోండి. వాటిలో సగం ఒకే పార్కు విగ్రహం దగ్గరివి, మిగతా సగం ఒకే లైబ్రరీ గోడ దగ్గరివి. ఆ రెండు చోట్ల మధ్య ఎక్కడో మీ ఇల్లుందని అవతలివాడికి అర్థమవుతుంది. బాబు ఒక్క మాట కూడా చెప్పలేదు. హ్యాకింగ్ జరగలేదు. ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. ఆట ఎలా తయారుచేశారో అలాగే పనిచేసింది. దీన్ని డిజైన్ చేసినవాళ్లు పిల్లలున్న ఇంట్లో కూర్చుని ఒక్క సాయంత్రం ఆలోచించి ఉంటే ఆ చోటు పేరు అందులో పెట్టేవాళ్లు కాదు.

ఆటగాళ్లు చేరే చోటు ముందే తెలిస్తే ఏమవుతుందో 2016 జులైలోనే చూశాం. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో కొందరు యువకులు, ఆట పటంలో జనం వచ్చే చోట కాపు కాసి ఆయుధాలతో దోచుకున్నారని పోలీసులు అరెస్టు చేశారు. పోకెమాన్ గో వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు.

ఇక్కడ తల్లిదండ్రుల తప్పు కూడా ఒకటుంది. చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. అకౌంట్ తెరిచేటప్పుడు పిల్లాడి అసలు పుట్టిన సంవత్సరం ఇస్తే కొన్ని ఫీచర్లు రావట్లేదని మీ సంవత్సరం ఇచ్చేస్తున్నారు. “ఫ్రెండ్స్ ఆప్షన్ రావట్లేదండి, అందుకే మార్చాం” అని నాకు మామూలుగా రాస్తున్నారు. ఆ ఆప్షన్ రాకపోవడమే పిల్లాడికి ఉన్న రక్షణ. మీరు ఆ సంవత్సరం మార్చిన క్షణం నుంచి ఆట దృష్టిలో అతను నలభై ఏళ్ల మనిషి. కొత్తవాళ్ల ఫ్రెండ్ రిక్వెస్టులు, పెద్దలకి వేసే ప్రకటనలు, ఈవెంట్ ఆహ్వానాలు, అన్నీ తలుపు తీసినట్టు వచ్చేస్తాయి. దయచేసి ఆ అకౌంట్ తీసేసి, అసలు వయసుతో కొత్తది తెరవండి. సంపాదించిన పాయింట్లు పోతాయి, పోనివ్వండి.

ఇంకో ఉత్తరం చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. “మోకాళ్ల నొప్పులు, నడవలేను. కుర్చీలో కూర్చునే నడిచినట్టు చూపించే మోడ్ ఏపీకే ఒకటి దొరికింది. అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చాను. ఇప్పుడు గేమ్ అకౌంట్ బ్లాక్ అయింది. తిరిగి ఎలా తెచ్చుకోవాలి?” అని ఒక పెద్దాయన అడిగారు.

అయ్యా, గేమ్ అకౌంట్ సంగతి తర్వాత చూద్దాం. ఆ ఏపీకే, అంటే ప్లే స్టోర్‌లో కాకుండా బయట దొరికిన, ఎవరో మార్చిన యాప్ ఫైలు, మిమ్మల్ని యాక్సెసిబిలిటీ పర్మిషన్, నోటిఫికేషన్లు చదివే పర్మిషన్ అడిగిందా? మీరు ‘అన్నీ’ అన్నారు కాబట్టి అడిగే ఉంటుందనుకుని చెబుతున్నాను. మొదటిది ఉన్నవాడు మీ తెర మీద కనిపించేది చూడగలడు, మీ బదులు బటన్లు నొక్కగలడు. రెండోది ఉన్నవాడు మీకు వచ్చే ఓటీపీ చదవగలడు. ఈ రెండూ కలిస్తే మీ బ్యాంకు యాప్ వాడి చేతిలో ఉన్నట్టే. ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2016లో పోకెమాన్ గో విడుదలైన కొద్ది రోజులకే, డ్రాయిడ్‌జాక్ అనే స్పై ప్రోగ్రామ్ కలిపిన నకిలీ ఏపీకే ఇంటర్నెట్‌లో దొరికింది. పైకి అచ్చం ఆటలాగే ఉండేది, ఆడనిచ్చేది కూడా. ముందు ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపండి. ఇంకో ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, పాత లాగిన్లన్నీ సైన్ అవుట్ చేయండి. బ్యాంకుకి ఫోన్ చేసి విషయం చెప్పండి. ఫొటోలు, నంబర్లు మాత్రం దాచుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ ఏపీకేని అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకుంటే సరిపోదు.

కానీ ఆ పెద్దాయన్ని తప్పుపట్టలేను. ఆయనకి ఆడాలని ఉంది, కాళ్లు సహకరించట్లేదు. ఈ ఆటలు తయారుచేసేవాళ్లు, ఆడేవాళ్లంతా రోజుకి అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్లే అనుకుంటారు. 2020లో అందరూ ఇళ్లలో ఉండాల్సి వచ్చినప్పుడు, పోకెమాన్ గోలో వస్తువులు దొరికే చోటుని ఎంత దూరం నుంచి అందుకోవచ్చో ఆ హద్దు 40 మీటర్ల నుంచి 80 మీటర్లకి పెరిగింది. దాంతో వీల్‌చైర్ వాడేవాళ్లకి, మెట్లు ఎక్కకుండా, రోడ్డు దాటకుండా ఆడే వీలు కలిగింది. 2021 ఆగస్టులో కొన్ని దేశాల్లో దాన్ని మళ్లీ తగ్గిస్తే ఆటగాళ్లు పెద్దఎత్తున నిరసన తెలిపారు. నెల తిరగకముందే 80 మీటర్లు తిరిగి వచ్చింది. అంటే అది మొదటి నుంచీ చేయగలిగిన పనే. ఇలాంటి సౌకర్యం ఆటలోనే ఉంటే, ఆయన ఎవడో ఇచ్చిన ఏపీకే జోలికి వెళ్లేవారే కాదు.

డిజైన్ గురించి ఇంకొక్క మాట. వేగం పెరిగితే చాలా ఆటలు ‘మీరు బండి నడుపుతున్నారా?’ అని అడిగి, ‘నేను ప్రయాణికుణ్ని’ అనే బటన్ చూపిస్తాయి. స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఆ బటన్ చదివి, నొక్కి, ముందుకి పోతాడు. ప్రమాదాన్ని ఆపాల్సిన బటన్ కోసం అతను రోడ్డు మీది నుంచి చూపు తిప్పాల్సి వస్తోంది. వేగం తగ్గేదాకా ఆట దానంతటదే ఆగిపోవాలి, ఏ ప్రశ్నా వేయకూడదు.

బ్యాటరీ గంటలో అయిపోతోందని రాసినవాళ్లకి: ఎదుటి దృశ్యం మీద ఆట బొమ్మల్ని చూపించే ఏఆర్ కెమెరా ఆపండి, తెర వెలుగు తగ్గించండి. ఆటలో డబ్బు పెట్టి వస్తువులు కొనొచ్చా అన్నవాళ్లకి: మైన్‌క్రాఫ్ట్ ఎర్త్ 2021 జూన్‌లో, హ్యారీ పోటర్: విజార్డ్స్ యునైట్ 2022 జనవరిలో మూతపడ్డాయి, వాటిలో కొన్నవి కూడా వాటితోనే పోయాయి. కొనకండి. కొనుగోలుకి ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా ఫోన్‌లో పెట్టుకోండి.

ఈ కాలమ్ పూర్తి చేస్తుండగా ఆ తల్లి దగ్గర్నుంచి మళ్లీ మెయిల్ వచ్చింది. “పర్మిషన్ ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని మార్చాను. ఆట బాగానే నడుస్తోంది. కానీ స్కూల్లో నడిచిన అడుగులు లెక్కలోకి రావట్లేదట, గుడ్డు పొదగట్లేదని బాబు ఏడుస్తున్నాడు.”

అమ్మా, ఆటలో కొంత దూరం నడిస్తేనే గుడ్డు పొదిగి లోపలి బొమ్మ బయటికొస్తుంది. ఆ అడుగులు లెక్కపెట్టేది ఫోన్ లోపలి కదలిక సెన్సర్. దానికి జీపీఎస్‌తో పని లేదు. ఆట సెట్టింగ్స్‌లో ఫోన్ హెల్త్ యాప్ నుంచి అడుగుల లెక్క మాత్రం తీసుకునే వీలుందేమో చూడండి, ఉంటే అదొక్కటే ఇవ్వండి. దాంతో పాటు లొకేషన్ కూడా ‘ఎల్లప్పుడూ’ కావాలని పట్టుబడితే ఆ ఫీచర్ వదిలేయండి. సాయంత్రం ఆట తెరిచి, ఫోన్ మీ చేతిలో పెట్టుకుని బాబుతో రెండు కిలోమీటర్లు నడవండి. గుడ్డు అప్పుడు పొదుగుతుంది. బయల్దేరే ముందు కెమెరా సెట్టింగ్స్‌లో ఫొటోలకి లొకేషన్ జతచేసే ఆప్షన్ ఆపేయండి. గుడ్డులోంచి వచ్చే బొమ్మని బాబు మీ గేటు ముందే ఫొటో తీసి అందరికీ పంపుతాడు.