మస్టాంగ్‌కి కొత్త సైలెన్సర్ సరే, కార్డు మీద మాత్రం వద్దు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నాకు 31 ఏళ్లు, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను, హెచ్1బి వర్క్ వీసా మీద ఉన్నాను, ఇంకా పెళ్లి కాలేదు. జీతం ఏడాదికి 1,05,000 డాలర్లు. పోయినేడాది 2019 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, లోన్ ఇంకా 27,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 6,400, వడ్డీ 24 శాతం. బ్యాంకులో 3,500 ఉన్నాయి. నెల ఖర్చులు 5,500 దాకా పోతాయి, ఆ పైన 900 మిగులుతుంది, కార్డుకు కట్టేది అందులోంచే. 401కెలో, అంటే కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతాలో, జీతంలో 2 శాతం వేస్తున్నాను, కంపెనీ 4 శాతం దాకా డాలరుకు డాలరు వేస్తుంది. కారుకి క్యాట్‌బ్యాక్ ఎగ్జాస్ట్ (మంచి శబ్దమిచ్చే సైలెన్సర్ సెట్టు) వేయించాలని ఉంది, 1,800 అంటున్నారు. కార్డు మీద లాగించేయనా? ఏది తీసుకోవాలో కూడా చెప్పండి.

తమ్ముడూ, ఇలాంటి ఉత్తరం వస్తే ఆర్థిక సలహాదారులందరూ ఒకటే పాట పాడతారు, కారు అమ్మేసి క్యామ్రీ కొనుక్కో అని. నేను ఆ మాట అనను. 5 లీటర్ల వీ8 ఇంజిన్ కారు కొనుక్కుని దాని గొంతు వినకుండా తిరగమనడం బిర్యానీ వండి మూత తీయొద్దన్నట్టే ఉంటుంది. అయినా నీ లెక్కల్లో నన్ను ఇబ్బంది పెట్టింది సైలెన్సర్ కాదు, ఆ 401కె 2 శాతం.

నీ జీతంలో 2 శాతం అంటే 2,100 డాలర్లు. నువ్వు 4 శాతం వేస్తే కంపెనీ ఇంకో 2,100 వేస్తుంది, నువ్వు వేయడం లేదు కాబట్టి కంపెనీ కూడా వేయడం లేదు. అంటే ఏటా ఒక మంచి సైలెన్సర్ ఖరీదు కంపెనీ నీ బల్ల మీద పెడుతుంటే, వద్దులెండి అని నువ్వు వెనక్కి తోసేస్తున్నావు. 4 శాతానికి పెంచితే నెలకు 175 పోతుంది కానీ అది పన్నుకు ముందు పోయే డబ్బు, నువ్వు 22 శాతం శ్లాబులో ఉన్నావు, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాబట్టి చేతికొచ్చేది 140 లోపే తగ్గుతుంది. "రేపు ఇండియా వెళ్లిపోతే ఆ డబ్బేమవుతుంది?" అని మనవాళ్లందరూ అడుగుతారు, నువ్వూ అడుగుతావు. నీ డబ్బు నీదే, అక్కడే ఉంచుకోవచ్చు, 59½ ఏళ్లలోపు తీస్తే మామూలుగా పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ. కంపెనీ వేసినదానికి మాత్రం వెస్టింగ్ ఎన్నేళ్లో, అంటే ఎన్నేళ్లు పనిచేస్తే అది పూర్తిగా నీదవుతుందో, హెచ్‌ఆర్‌ని అడుగు, కొన్నిచోట్ల మూడేళ్లు నిండకముందే మానేస్తే ఆ వాటా వెనక్కి పోతుంది.

ఇక కార్డు సంగతి. సైలెన్సర్ 1,800, సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం చొప్పున దాదాపు 150, షాపులో బిగింపు కూలి ఒక 300 అనుకో, మొత్తం 2,250. దీన్ని 24 శాతం వడ్డీ మీద పెట్టి నెలకు 100 చొప్పున కడితే తీరడానికి 30 నెలలు పడుతుంది, వడ్డీయే 770 దాకా. ఆ 770కి ఇంచుమించు ఒక యాక్సిల్‌బ్యాక్ (వెనక మఫ్లర్లు మాత్రమే మార్చే చిన్న కిట్టు) వచ్చేస్తుంది. వెబ్‌సైట్‌లో చెకౌట్ దగ్గర "నెలకు ఇంతే" అని కనిపించే కిస్తీ కూడా అప్పే, దానికి ముద్దు పేరు పెట్టారంతే.

నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది నీ బ్యాంకులో ఉన్న 3,500. నీ ఖర్చులకు అది మూడు వారాలు కూడా రాదు. హెచ్1బిలో ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు ఇస్తారు, ఆ 60 రోజుల్లో కారు కిస్తీ, అద్దె, ఇంటికి పంపేది, లాయర్ ఫీజు ఏదీ ఆగదు. ఇక్కడి పౌరుడికి మూడు నెలల ఖర్చు చాలని పుస్తకాలు చెప్తాయి, వీసా మీద ఉన్నవాడికి నేనైతే ఆరు అంటాను.

అందుకని ఇలా చెయ్యి. 401కె ఈ వారమే 4కి పెంచు. 900లో ఆ 140 పోగా మిగిలే 760లో 700 కార్డుకి కట్టు, 60 విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో "సైలెన్సర్" అని పేరు పెట్టి వెయ్యి. నవ్వకు, పేరు పెట్టిన డబ్బుని మనిషి ముట్టుకోడు. పదకొండో నెలలో కార్డు తీరిపోతుంది, ఈ లోపు కార్డు మీద కొత్తగా ఏమీ గీకకపోతేనే సుమా. అప్పటికి సైలెన్సర్ ఖాతాలో 660 ఉంటాయి. ఆ తర్వాత నెలకు 500 అత్యవసర నిధికి, 260 సైలెన్సర్‌కి. ఆరేడు నెలల్లో 2,250 నిండుతుంది, బ్యాంకులో 7,000 దాకా ఉంటుంది. ఆ ఏడు వేలూ నీకు చాలవు, సైలెన్సర్ బిగించాక మొత్తం 760 అటే మళ్లించు. అంతా కలిపి ఏడాదిన్నర. ఆగలేనంటే కార్డు తీరిన నెలలో 660కి దొరికే యాక్సిల్‌బ్యాక్‌తో సరిపెట్టుకో.

తేడా తెలియకపోతే చెప్తా. యాక్సిల్‌బ్యాక్ అంటే వెనక యాక్సిల్ తర్వాత ఉండే మఫ్లర్లు మార్చడం, క్యాట్‌బ్యాక్ అంటే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత నుంచి టిప్ (వెనక కనిపించే గొట్టం చివర) దాకా మొత్తం మార్చడం. రెండింట్లో దేనివల్లా బండి రెక్కలు కట్టుకుని ఎగరదు, నీ జీటీకి ఫ్యాక్టరీలోనే 460 హార్స్‌పవర్ ఉంది, క్యాట్‌బ్యాక్ ఇచ్చే నాలుగు గుర్రాలు నీ నడుముకి తెలియవు. నువ్వు కొనేది శబ్దమే, ఆ సంగతి తెలిసే కొను. ఇంజిన్‌కి ఆనుకుని ఉండే హెడర్ పైపుల జోలికి మాత్రం పోకు, వాటి కోసం చాలామంది క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పీకేస్తారు. దాన్ని తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారమే తప్పు. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు కానీ మీ కోలిన్ కౌంటీలో ఎమిషన్ (పొగ) పరీక్ష అలాగే ఉంది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఫెయిలే. రేపు ఆఫీసు నిన్ను కాలిఫోర్నియాకి మారిస్తే అక్కడ శబ్దానికి 95 డెసిబెల్స్ హద్దు కూడా ఉంది.

ఆర్డర్ పెట్టే ముందు కారు వెనక్కి వెళ్లి వంగి టిప్పులు లెక్కపెట్టు. నాలుగు ఉంటే నీది యాక్టివ్ ఎగ్జాస్ట్ కారు, మీట నొక్కితే గొంతు పెంచుకునేది. అప్పుడు అసలు ఖర్చే అవసరం లేకపోవచ్చు, ముందు ట్రాక్ మోడ్‌లో పెట్టి ఒకసారి విను. రెండే ఉంటే రెండు టిప్పుల కిట్టే తీసుకో, నాలుగు టిప్పులదానికి ఆశపడితే వెనక బంపర్ కింద ఉండే పలక (వాలెన్స్) కూడా మార్చాలి, అది ఇంకో బిల్లు.

యూట్యూబ్‌లో విని కొనొద్దు, ఫోన్ మైకు డ్రోన్‌ని పట్టదు. డ్రోన్ అంటే టోల్‌వే మీద పై గేర్‌లో 70లో పోతుంటే, ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం అటూ ఇటూ తిరుగుతుంటే, కారు లోపల చెవుల్లో తుమ్మెద దూరినట్టు ఆగకుండా వచ్చే ఆ రొద. రోజూ ఆఫీసుకు ఆ కారులోనే పోయేవాడికి నెల తిరక్కుండానే విసుగొస్తుంది, అప్పుడు సగం ధరకి అమ్ముకోవడమే. సైలెన్సర్ కంపెనీల్లో కోర్సా వాళ్లు ఆ రొదని చంపడానికే మఫ్లర్‌ని ప్రత్యేకంగా కడతారు. బోర్లా కంపెనీ మోడళ్లలో ఎస్‌టైప్ మధ్యరకం, అటాక్ అంటే వీధి వీధంతా లేస్తుంది, పొద్దున్నే ఆరింటికి చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసి చూడు, అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది.

ఇనుము గురించి ఒక మాట, ఇది నా జేబుకి చిల్లు పెట్టిన పాఠం. షికాగోలో ఉన్నప్పుడు నా సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ కారుకి ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని సైలెన్సర్ 400కి కొన్నా, అసలైన టి304 (మేలురకం స్టెయిన్‌లెస్ స్టీల్) అని రాశాడు. రెండో చలికాలానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి పైపుల అతుకు (ఫ్లాంజ్) పక్కన వెల్డింగ్ తినేసి చిల్లు పడింది, సిగ్నల్ దగ్గర ఆగితే ట్రాక్టర్ ఆగిందనుకుని పక్కవాళ్లు చూసేవాళ్లు. ఫ్రిజ్ మీది అయస్కాంతం పెట్టి చూస్తే టప్పున అతుక్కుంది. వంపుల దగ్గర కాస్త పట్టినా ఫర్వాలేదు, నిటారుగా ఉన్న పైపుకి గట్టిగా అతుక్కుందంటే అది 304 కాదు. 409 అనే చవకరకం స్టెయిన్‌లెస్ కూడా పనికిరానిది కాదు, పైపైన తుప్పు రంగు తిరుగుతుందంతే, డాలస్‌లో ఏళ్లు నడుస్తుంది. కానీ 409కి 304 ధర ఇవ్వకు.

బిగించేది షాపులోనే. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో జాకీల మీద కారు లేపి కింద దూరడం నాకు ఇష్టం లేదు, చాలాచోట్ల లీజులో ఒప్పుకోరు కూడా. అయినా దగ్గర నిలబడి చూడు. పైపుల్ని పట్టి ఉంచే క్లాంపులన్నీ ముందు వదులుగా వేసి, టిప్పులు రెండు వైపులా సమానంగా వచ్చాయో లేదో చూసుకున్నాకే ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ పోవాలి. మొదటిదే బిగించేసేవాడైతే చివర్లో ఒక టిప్ బంపర్‌కి తగులుతుంది. స్టార్ట్ చేసే ముందు టిప్పుల మీద వేలిముద్రలు గుడ్డతో తుడిపించు, వేడికి అవి మాడి అలాగే ఉండిపోతాయి. మొదటి అరగంట కాస్త పొగ, నూనె వాసన వస్తే కంగారు పడకు. 100 మైళ్లు తిరిగాక మళ్లీ వెళ్లి క్లాంపులు బిగించి రా, మంచి షాపు దానికి డబ్బులు అడగదు.

వారంటీ సంగతి కూడా అడుగుతావని తెలుసు. మ్యాగ్నసన్-మాస్ అని 1975 నాటి చట్టం ఉంది, బయటి పార్టు వేసినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దని డీలర్ అనలేడు, ఆ పార్టు వల్లే పాడైందని చూపించాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి మాత్రం ఫోన్ చేసి చెప్పు. చాలా పాలసీలు ఫ్యాక్టరీది కాని పార్టులకు ఒక పరిమితి దాకానే ఇస్తాయి, లేదంటే ఆ కవరేజీ విడిగా కొనాలి, రసీదు ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకో.

చివరగా పాత సైలెన్సర్. తీయడం తేలికవుతుందని షాపువాడు మధ్యలో కోస్తానంటాడు, కోయనివ్వకు. కారు అమ్మే రోజున ఫ్యాక్టరీది తిరిగి బిగించి, కొత్తది విడిగా అమ్ముకుంటేనే నీకు నాలుగు డబ్బులు తిరిగొస్తాయి, కారుతో కలిపి ఇస్తే దానికి పైసా ఎక్కువ ఇవ్వరు. అయితే అది ఆరడుగుల పైన ఉంటుంది, బాల్కనీలో పట్టదు. సొంతిల్లు, గ్యారేజీ ఉన్న స్నేహితుడెవరో ఇప్పటి నుంచే చూసి పెట్టుకో, ఏడాదిన్నర టైముందిగా.