నడక ఒక్కటే చాలదు, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

యాభై దాటాయని రోజూ నడుస్తున్నానన్నావు, వయసు తగ్గించే మాత్రలేవో తెప్పించుకుంటానన్నావు. మాత్రల సంగతి వదిలెయ్. అవి మనిషి ఆయుష్షు పెంచినట్టు ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. నడక మానకు, గుండెకు మంచిది. కండను మాత్రం అది నిలబెట్టలేదు. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ తరుగుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. అందులోనూ ముందు పోయేది చటుక్కున కదిలే కండపోగులే. కాలు జారినప్పుడు నిలదొక్కుకునేది వాటితోనే. నింపాదిగా నడిస్తే వాటికి పెద్దగా పని పడదు.

ముందు పరీక్ష చేసుకో. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించు, లేకపోతే టైల్స్ మీద జారుతుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు నిటారుగా లేచి కూర్చో. 12 సెకన్లు, ఆపైన పట్టిందంటే ఒంట్లో సత్తువ తగ్గినట్టే.

వ్యాయామమూ ఆ కుర్చీతోనే. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. విడతకు పదిసార్లు లేచి కూర్చోవడం, అలా మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాలు ఆగు. లేచేటప్పుడు ఊపిరి వదులు. బిగబట్టావో, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. కూర్చోడానికి మూడు సెకన్లు తీసుకో, దబ్బున కూలబడకు. కండకు సగం పని దిగేటప్పుడే. మోకాళ్లు లోపలికి వాలకూడదు. పది సులువయ్యాక చాలామంది అక్కడే ఆగిపోతారు, ఫలితం రాలేదంటారు. అప్పుడే రెండు లీటర్ల నీళ్ల సీసా గుండెలకు హత్తుకుని లేవాలి, కొన్నాళ్లకు ఐదు కిలోల బియ్యం సంచి. ప్రతి విడతలో చివరి రెండూ కష్టంగా ఉండాలి. వయసు మీరిందనకు. బోస్టన్‌లో తొంభై ఏళ్లవాళ్ల చేత ఎనిమిది వారాలు బరువులు ఎత్తిస్తే కాళ్ల బలం రెట్టింపు దాటిందని 1990లోనే రాశారు.

ఇక తిండి. కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి, అదీ మూడు పూటలా పంచుకుని. మనం దెబ్బతినేది టిఫిన్ దగ్గర. మూడు ఇడ్లీలు, చట్నీ కలిపినా పది గ్రాములు రావు. పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకుంటే ఇంకో పన్నెండు. గుడ్డు తినని రోజు పెసరట్టు, దాంతోపాటు గట్టి పెరుగు, గ్లాసుడు మజ్జిగతో సరిపెట్టకు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకు.

మా అక్కయ్య చేత, అదే మీ అమ్మ చేత కూడా చేయించు. ఆవిడకు కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచు, పట్టుకోవడానికి ముందు బల్ల ఉంచు, ఐదుతో మొదలుపెట్టించు.