చొరవ తీసుకోకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. పన్నెండు పేజీల్లో నీ కథానాయకుడు ఏడుసార్లు చొరవ తీసుకున్నాడు. పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాను. ఎనిమిదోసారి ప్రభుత్వం తీసుకుంది. ఎక్కడినుంచి తీసుకుంటున్నారయ్యా అందరూ?

చొరవ మనకు ఉంటుంది, ఉండదు. చూపిస్తాం, చేస్తాం. చొరవగా మాట్లాడతాం. తీసుకోవడం మాత్రం ఇంగ్లీషువాడి అలవాటు. వాడు ఇనిషియేటివ్‌ను 'టేక్' చేస్తాడు కాబట్టి మనమూ తీసుకోవాలన్నమాట! వాడుకలో నిలబడిపోయిందిగా అంటావు. నిలబడింది. 'నిర్ణయం తీసుకోవడం' దగ్గరే నేను ఓడిపోయాను, ఇప్పుడు నేనూ అదే రాస్తున్నాను. కానీ పేపరు వార్తలో చెల్లిందల్లా కథలో చెల్లదు.

ఇంగ్లీషులో ఆ మాట సంగతి చూడు. పక్కన ఏ క్రియ నిలబడితే అర్థం అటు తిరుగుతుంది. 'టేక్' చేస్తే మిగతావాళ్ళకంటే ముందు కదిలినట్టు. 'షో' చేసినా 'యూజ్' చేసినా అది మనిషి గుణం: ఎవరూ చెప్పకుండానే బుర్ర పెట్టి పని చేస్తాడని. 'లాంచ్' చేశారంటే ఇక గుణమూ లేదు, గిణమూ లేదు, అదొక పథకం. 1983లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించిన క్షిపణి రక్షణ పథకం పేరు చివర ఉన్నది ఈ మాటే. 'లూజ్' చేశారంటే, అంటే పోగొట్టుకున్నారంటే, యుద్ధంలోనో ఆటలోనో పగ్గాలు ఎదుటివాడి చేతికి పోయినట్టు. ఇన్ని పనుల మాటను తెచ్చి మనం ఒక్క చొరవ నెత్తిన పడేశాం. మాటను దాని పక్కనున్న మాటల్ని బట్టి పోల్చుకోవాలని ఫర్త్ అనే భాషాశాస్త్రవేత్త 1957లో రాశాడు. నాకు ఆయన సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. అప్పటికే పరువు పోయింది.

అదీ చెబుతాను. కుర్రతనంలో ఒక పత్రికలో రాత్రిపూట వార్తలు అనువదించేవాణ్ణి. ఒక చదరంగం వార్తలో 'నల్లపావుల ఆటగాడు మధ్యలో చొరవ కోల్పోయాడు' అని రాశాను. ప్రూఫులు దిద్దే పెద్దాయన చదరంగం బాగా ఆడేవాడు. కళ్ళజోడు పైకి తోసి, "అంటే ఏమయ్యా, మధ్యలో మొహమాటం వచ్చిందా?" అన్నాడు. వారం తిరక్కుండా స్విట్జర్లాండు వార్త వచ్చింది. అక్కడ 18 నెలల్లో లక్షమంది పౌరుల సంతకాలు సేకరిస్తే రాజ్యాంగ సవరణను జనం ఓటుకు పెట్టించవచ్చు. ఆ హక్కునూ ఇనిషియేటివ్ అనే అంటారు. నేను 'లక్షమంది చొరవపై సంతకం' అని పెట్టాను. ఈసారి పెద్దాయన నవ్వలేదు. కాగితం తిప్పి ఇచ్చేశాడు.

తర్వాత కథలు రాయడం మొదలుపెట్టాను. 'ఎవరూ కదలకపోతే తనే లేచి వెళ్ళి శవం కళ్ళు మూసింది' అని రాస్తే, ఒక సంపాదకుడు దాన్ని 'ఆమె చొరవ తీసుకుని' అని దిద్ది అచ్చేశాడు. క్లుప్తత కోసమట! లేవడం పోయింది, వెళ్ళడం పోయింది, ఆ గదిలో కదలకుండా కూర్చున్నవాళ్ళంతా పోయారు. ఆయన పోయి చాలాకాలమైంది. నా కోపం మాత్రం పోలేదు.

నీ ఏడూ అలాంటివే. మూడో పేజీలో 'గొడవ ఆపడానికి చొరవ తీసుకున్నాడు' అన్నావు. ఏం చేశాడు? మధ్యలోకి దూరాడా? ఎవరి చెయ్యి పట్టుకున్నాడు? చొక్కా చిరిగిందా? నువ్వు చూడలేదు కాబట్టి ఆ మాట అడ్డం పెట్టావు. చూసినవాడికి ఆ మాటతో పనిలేదు.

అయినా నీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం తొమ్మిదో పేజీ. చెల్లెలు 'చొరవగా తలుపు తోసుకుని వచ్చి మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది' అన్నావు. ఆ ఒక్కచోట చొరవ తన ఇంట్లో తను ఉంది. చొరు అంటే లోపలికి వెళ్ళడం. చొరబడటంలో ఉన్నది అదే. విచిత్రమేమిటంటే ఇంగ్లీషు మాట పుట్టిన లాటిన్ 'ఇనిషియం' కూడా లోపలికి వెళ్ళడం అనే క్రియ నుంచే వచ్చింది. రెండు భాషలూ ఒకే గడప దాటాయి. తర్వాత వాళ్ళది పథకాల వైపు పోయింది, మనది చనువు వైపు వచ్చింది. నీ చెల్లెలు పాత్ర మన వైపుది. నువ్వు తెలిసి రాశావో, అనుకోకుండా పడిందో నాకు అనవసరం.

కలంపేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ అడిగావు. తర్వాత చూద్దాం.

ప్రతిని తిప్పి పంపుతున్నాను. ఏడుచోట్లా సున్నాలు చుట్టాను, అక్కడ వాడు ఏం చేశాడో రాసి పంపు. ఎనిమిదోది, ప్రభుత్వానిది, కొట్టేశాను. ఆ పేరా మొత్తం పోయింది, కథలో ఎవరికీ తెలియలేదు.